తొలివాన తర్వాతి వేడి

పెందుర్తిలో మా వీధి పక్కనే ఐటీఐ చదివే పిల్లలు కొందరు అద్దెకుంటారు. కోక్ ఓవెన్లలో ఉద్యోగం దొరికిందంటే ఎవరో ఒకరు వాళ్లను నా దగ్గరికి పంపుతారు. "అక్కడ ఎలా ఉంటుందండీ?" అని అడుగుతారు. జీతమెంత, పర్మినెంటు ఎప్పుడు చేస్తారు, క్యాంటీన్ ఉందా లేదా అన్నవి నాకన్నా వాళ్లకే బాగా తెలుసు. తెలియనిది ఒకటుంది. నోటితో చెబుదామంటే సగంలో ఫోన్ మోగుతుంది, లేచి వెళ్లిపోతారు. అందుకని రాస్తున్నాను.

ఇది ధైర్యం చెప్పే రాత కాదు. నాకు భయంగా ఉంది. పనిలో ఉన్నప్పుడు మంటకు భయపడలేదు, గ్యాసుకు భయపడలేదు. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చుని, ఆకాశం మబ్బు పడితే భయపడుతున్నాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను ఇంజనీరును కాను. మా నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో ఖలాసీగా చేరాడు. పదో తరగతితో నా చదువు ఆగింది. మిగతాదంతా సీతమ్మధార దగ్గరున్న ఓ చిన్న గ్రంథాలయంలో చదువుకున్నాను. సెలవు రోజు పొద్దున్నే వెళ్లి తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చునేవాణ్ణి. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను, పరీక్ష రాయాల్సిన అవసరం లేకపోయినా. ఇంగ్లీషు పుస్తకాలైతే పక్కన నిఘంటువు తెరిచిపెట్టుకుని, రోజుకు రెండు పేజీలు. ఈ సంగతి గొప్పగానే చెప్పుకుంటాను. అది నా సొంత సంపాదన.

టాప్

నేను పనిచేసింది అందరికీ తెలిసిన పెద్ద స్టీలు ఫ్యాక్టరీలో కాదు. అచ్యుతాపురం వైపు ఓ ప్రైవేటు కోక్ కర్మాగారంలో. అది చేతులు మారింది, పేరూ మారింది.

కోక్ సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఇనుము తీసే కొలిమికి మామూలు బొగ్గు పనికిరాదు. ఆ బొగ్గును గాలి తగలకుండా ఇటుక గదుల్లో పోసి, గంటల తరబడి కాలిస్తే గ్యాసూ తారూ బయటికి పోయి గట్టి కోక్ మిగులుతుంది. ఆ గదే ఓవెన్. బీరువాలో పుస్తకాల్లాగా ఓవెన్లు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఆ వరస మొత్తం బ్యాటరీ. బ్యాటరీ పైకప్పును టాప్ అంటాం. మా పని అక్కడే, మనుషులకు వంతులు వేసేది నేను.

టాప్ మీద పట్టాలుంటాయి. బొగ్గుబండి వాటి మీద వచ్చి ఖాళీ ఓవెన్ పైన ఆగుతుంది. లిడ్‌మ్యాన్ అనే మనిషి ఇనుప కొక్కెంతో ఓవెన్ మూతలు లాగాలి. మూత లాగగానే మంట మనిషెత్తు లేస్తుంది. బొగ్గు పడ్డాక మూత వేసి, చుట్టూ తడిమట్టి పూసి గ్యాసు కారకుండా చెయ్యాలి. కాలికింద ఇటుక వేడికి రబ్బరు అడుగులు కరిగిపోతాయి. అందుకే చెక్క అడుగుల బూట్లు వేసుకుంటాం. ఎవరి నడక ఎవరిదో చప్పుడును బట్టే చెప్పేయచ్చు.

ఇంకొక్క సంగతి మరిచిపోకండి. బ్యాటరీని ఒకసారి వేడెక్కించాక ఆర్పడానికి లేదు. చల్లారితే ఇటుక పగిలిపోతుంది. పండగైనా, సమ్మైనా, తుఫానైనా అది వేడిగా ఉండాల్సిందే. మారేది మనుషులే.

మజ్జిగ డ్రమ్ము పోయి బజ్జీలొచ్చే రోజు

రోహిణి కార్తె వస్తే మాకు సగం వంతు మొదలయ్యేది. అంటే టాప్ మీద ఉండాల్సిన వంతులో సగంసేపే పైన, తక్కిన సగం కింద షెడ్డులో ఫ్యాను ముందు. మెట్ల దగ్గర మజ్జిగ డ్రమ్ము పెట్టేవారు, ఉప్పూ కరివేపాకూ వేసి. ఇదేమీ రాసిపెట్టిన రూలు కాదు, మా వాడుక. దీన్ని ఎప్పుడు ఆపాలన్నదీ వాడుకే. తొలివాన పడిన రోజు ఆపేవాళ్లం.

ఆ రోజు చూడాలి మా సంబరం. మొదటి చినుకులు టాప్ మీద పడి చుయ్‌మని ఆవిరైపోతుంటే అందరూ ఈలలు వేసేవాళ్లు. క్యాంటీన్‌వాళ్లు మజ్జిగ డ్రమ్ము తీసుకుపోయి మిరపకాయ బజ్జీలు పంపేవాళ్లు. మర్నాటి నుంచి పూర్తి వంతు. ఏ ఆఫీసరూ బలవంతపెట్టలేదు. బజ్జీలు ఆలస్యమైతే మేమే క్యాంటీన్ మీద దండెత్తేవాళ్లం. చాలా ఏళ్లు ఆ వాడుక మమ్మల్ని బాగానే కాపాడింది. వాన పడితే గాలి తిరిగేది, కొండవైపు నుంచి చల్లగా వచ్చేది. మంట దగ్గర కూడా ఊపిరి ఆడేది.

మా లిడ్‌మ్యాన్లలో సింహాచలం అనే మనిషి ఉండేవాడు. పెందుర్తి అవతల పల్లె. ఇంటి దగ్గర కొంచెం పొలం, ఒక నల్ల ఎద్దు. నన్ను 'లైబ్రరీ బావా' అని పిలిచేవాడు. నేను చదివిందల్లా టాప్ మీద చెప్పేవాణ్ణి కదా, అందుకు.

"ఏటి బావా, ఈ వారం పుస్తకంలో ఏటున్నాది?"

"భూమి వేడెక్కుతోందయ్యా. బొగ్గు కాల్చినప్పుడు వచ్చే గ్యాసు పైన చేరి వేడిని పోనివ్వడం లేదంట."

"ఎక్కడ ఏడెక్కుతన్నాదట?"

"ధ్రువాల దగ్గర మంచు కరుగుతోందని రాశారు."

"ఆలకి సలి ఎక్కువగదా, కాత్త ఎచ్చబడనీ. నానిక్కడ మూత తియ్యాల, నువ్వు తప్పుకో. నీ గెడ్డం కాలిపోద్ది."

పక్కనే గౌరినాయుడు పగలబడి నవ్వేవాడు. అతను సింహాచలం జతగాడు, ఇద్దరిదీ ఒకే షిఫ్టు. నేనూ నవ్వేవాణ్ణి. నిజానికి నా తలకాయలో కూడా భూమి వేడెక్కడమంటే ఎక్కడో తెల్లటి మంచుగడ్డ విరిగి నీళ్లలో పడటమే. మా బజ్జీలకీ దానికీ సంబంధం ఉంటుందని ఏ పేజీలోనూ కనిపించలేదు.

ఎండ లేని రోజు

ఒక ఏడాది ఎప్పటిలాగే తొలివాన పడింది, బజ్జీలొచ్చాయి, డ్రమ్ము పోయింది. మర్నాడు పూర్తి వంతు మొదలైంది. ఆకాశం మబ్బుగా ఉంది. గాలి మాత్రం లేదు. సముద్రం వైపు నుంచి ఆకు కదిలించేంత గాలి కూడా రాలేదు. పొగ నిలువుగా లేచి అక్కడే నిలబడిపోయింది. చొక్కా పిండితే నీళ్లు కారుతున్నాయి, ఆరడం మాత్రం లేదు. "ఎండ లేదు, హాయిగా ఉన్నాది" అన్నారు మావాళ్లు. ఒళ్లు చెప్పేది వినలేదు. కళ్లకు కనిపించింది నమ్మారు.

మధ్యాహ్నానికి సింహాచలం నడకలో తేడా వచ్చింది. చెక్కబూట్లు టక్ టక్ మని పడాల్సింది, ఒకటి పడి రెండోది ఆలస్యంగా ఈడ్చుకుంటూ వచ్చింది. గౌరినాయుడు కొక్కెం అందివ్వబోతే దాన్ని పట్టుకోకుండా, "నల్లోడా, గట్టు దిగకురా, బురదుంటాది" అన్నాడట. నల్లోడంటే అతని ఎద్దు.

వంతులో ఉన్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు. తొలివాన పడినరోజు సాయంత్రం మందు కొట్టేవాళ్లు మాలో కొందరుండేవాళ్లు. రాత్రిది దిగలేదనుకున్నారు. తాగి టాప్ ఎక్కితే ఉద్యోగం పోతుంది. అందుకని, అతని మేలు కోరి, బొగ్గు నిలవుండే టవరు గోడ వెనక ఎవరికీ కనబడకుండా కూర్చోబెట్టారు. అతని వంతు గౌరినాయుడు చేశాడు, తన వంతుతో కలిపి.

నేను బ్యాటరీ రెండో చివర చూసుకుంటున్నాను. ఇటు వచ్చేసరికి సింహాచలం కనబడలేదు. అడిగాను.

"తొంగున్నాడు బావా," అన్నాడు గౌరినాయుడు గొంతు తగ్గించి. "సూసీ సూడనట్టు ఎలిపో. సాయంత్రానికి దిగిపోద్ది."

"ఎంత తాగాడేంటి?"

"ఏటో మరి. నన్ను ఎద్దనుకుంటన్నాడు."

గోడ వెనక్కి వెళ్లి చూశాం. గోడకు ఆనుకుని ఉన్నాడు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, పిలిస్తే పలకడం లేదు. మందు వాసన లేదు. గౌరినాయుడు అతని మెడ మీద చెయ్యి వేసి, మూతను ముట్టుకున్నవాడిలా వెనక్కి లాగేసుకున్నాడు. "బావా, కాలిపోతన్నాడు!" అన్నాడు. ఇద్దరం మోసుకుని దించాం. నీళ్లు పోశాం, విసిరాం, బండిలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. అప్పటికే ఆలస్యమైంది. మర్నాడు పోయాడు.

ఆస్పత్రి వరండాలో అతని భార్య పైడమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"బాబూ, తాగీసి పడిపోనాడని అందరూ అంటన్నారు. మా ఊరంతా పాకీసింది. ఆడు మానీసి ఎన్నాళ్లయ్యిందో నీకు తెల్దా?"

"డాక్టరు కూడా చెప్పాడమ్మా. అతను తాగలేదు. అది ఎండదెబ్బ."

ఆవిడ కిటికీ వైపు చూసింది. బయట తుంపర పడుతోంది. గేటు దగ్గర జనం గొడుగులేసుకుని టీ తాగుతున్నారు.

"ఎండేదీ?" అంది.

నేను ఇన్నేళ్లు చదివిన పుస్తకాల్లో ఆ ప్రశ్నకు జవాబుండే ఉండాలి.

తడిగుడ్డ

మా మేనేజరు ప్రసాదరావు గారిది కృష్ణా జిల్లా. ఆయనంటే నాకు పెద్దగా గౌరవం ఉండేది కాదు. మాటకు ముందు అరుపు. రోజుకు ఎన్ని ఓవెన్ల కోక్ బయటికి తోశామన్నదే లోకం ఆయనకు. కానీ సింహాచలం పోయిన వారంలో ఆయన చేసిన పని చూశాక నా అభిప్రాయం మార్చుకున్నాను. స్టోరులో దుమ్ము పట్టిన రెండు థర్మామీటర్ల చెక్క ఒకటి తెప్పించి, టాప్ మెట్ల దగ్గర స్వయంగా మేకు కొట్టి తగిలించారు. ఒకటి మామూలుది. రెండోదాని గుండుకు తడిగుడ్డ చుట్టి ఉంటుంది.

"ఇటు చూడవయ్యా," అన్నారు నాతో. "ఇది గాలి వేడి. ఇది తడిగుడ్డ వేడి. గుడ్డలో నీరు ఆవిరైతే ఈ రెండోది చల్లబడుతుంది. మన చెమటా అంతే. ఈ రెండింటికీ తేడా ఎక్కువుంటే చెమట పనిచేస్తున్నట్టు. తేడా పోయిందనుకో, చెమట కారుతుంది కానీ ఆరదు. లోపలి వేడి బయటికి పోదు. మనిషి కూడా మూతేసిన ఓవెనే."

"మొన్న ఎంతుందండీ?"

"మొన్న ఎవరు చూశారు? నేనూ చూడలా. నేనూ బజ్జీలు తిన్నా."

ఆ మాట అన్న ఆఫీసర్ని నేను ఇంకొకర్ని చూడలేదు.

అప్పట్నుంచి రోజూ చూడటం మొదలుపెట్టాం. చూసేకొద్దీ నాకు భయం పట్టుకుంది. రోహిణి కార్తెలో గాలి వేడి ఎక్కడో పైన ఉండేది, తడిగుడ్డది చాలా కింద ఉండేది. వాన పడి మబ్బు కమ్మి గాలి ఆగిన రోజున మామూలు థర్మామీటరు దిగేది, తడిగుడ్డది ఎక్కేది. రెండూ దగ్గరికి వచ్చేసేవి. అంటే మేం భయపడాల్సిన రోజున బజ్జీలు తిని, ధైర్యంగా ఉండచ్చని పూర్తి వంతు ఎక్కేవాళ్లం.

పైడమ్మ ప్రశ్న పట్టుకుని మళ్లీ గ్రంథాలయానికి వెళ్లాను. ఈసారి మంచుకొండల పేజీలు చదవలేదు. మన గాలి గురించి చదివాను.

నాకు అర్థమైంది చెబుతాను. పగలు ఎండ నేలను వేడి చేస్తుంది. ఆ వేడి కంటికి కనబడని కిరణాలుగా మళ్లీ పైకి పోవాలి. గాలిలో ఎక్కువ భాగమున్న నైట్రోజను, ఆక్సిజను వాటిని అడ్డుకోవు. కార్బన్ డయాక్సైడు, మీథేను, నీటి ఆవిరి అడ్డుకుంటాయి. కొంత వేడిని కిందికే తిప్పి పంపుతాయి. అవి అసలు లేకపోతే భూమి గడ్డకట్టుకుపోయేది. అవి పెరిగితే వేడి పేరుకుంటుంది. అరకులో చలికాలం ఆకాశం తేటగా ఉన్న రాత్రి వణికిపోతాం, మబ్బు పట్టిన రాత్రి అంత చలి ఉండదు. సూత్రం అదే.

ఇక్కడిదాకా ముందే చదివాను. భయపెట్టింది తర్వాతి మెట్టు. వేడెక్కిన సముద్రం ఎక్కువ ఆవిరినిస్తుంది. వేడెక్కిన గాలి ఆ ఆవిరిని ఎక్కువగా పట్టుకుంటుంది. ఆ ఆవిరి కూడా వేడిని ఆపేదే. ఒకటి రెండోదాన్ని పెంచుతుంది. సముద్రం పక్కనే ఉన్న ఊరు మనది. ఆ తేమ వచ్చి చేరేది మన చెమట మీదే.

సింహాచలం చావుకు కారణం ఇదొక్కటేనని నేననను. ఒక్క రోజు ఉక్కపోతను తీసుకుని భూమి మొత్తానికి ముడిపెట్టకూడదని కూడా ఆ పుస్తకాలే నేర్పాయి. ఉక్కపోత మా తాతలనాడూ ఉంది. కానీ అలాంటి రోజుల వేడి పెరుగుతోంది, అవి తరచుగా వస్తున్నాయి. తొలివాన తర్వాత చల్లబడుతుందన్న మా వాడుక పాత వాతావరణం కోసం పుట్టింది. ఆ వాతావరణం మారిపోయింది. వాడుక అక్కడే ఉండిపోయింది.

గ్రంథాలయంలో అదే బల్ల మీద ఒక లెక్క కూడా వేశాను. రసాయనశాస్త్రంలో కార్బను బరువు పన్నెండు, కార్బన్ డయాక్సైడుది నలభై నాలుగు. అంటే కోక్‌లోని ఒక కిలో కార్బను కొలిమిలో పూర్తిగా కాలిపోతే మూడున్నర కిలోలకు పైగా గ్యాసు. గాలిలోని ఆక్సిజను వచ్చి కలుస్తుంది కదా. కాలితే బరువు పోతుందనే అన్నాళ్లూ అనుకున్నాను. నేను టాప్ మీద ఉన్నన్నాళ్లూ కిందనుంచి వెళ్లిన వ్యాగన్లు తలచుకున్నాను. వాటన్నిటినీ మించిన బరువు పైన ఉంది, ఏ పట్టాల మీదా నిలవకుండా. అందులో కొంత నా మనవల మనవలు పుట్టినా దిగిరాదు. పెన్సిలు పక్కన పెట్టేసి ఇంటికి వచ్చేశాను.

తర్వాత గౌరినాయుడూ నేనూ ఆ థర్మామీటర్ల చెక్క పట్టుకుని పైడమ్మ ఊరు వెళ్లాం. వాళ్ల వాకిట్లో పదిమంది చేరారు. గుడ్డ తడిపి చూపించాను, చెమట సంగతి చెప్పాను, ఎండదెబ్బ మాటల్నీ నడకనీ తాగినవాడిలా చేసేస్తుందని చెప్పాను. పైడమ్మ అంతా విని అడిగింది:

"అయితే ఆడు తాగలేదని ఈ గుడ్డపేలిక సెప్తాదేటి?"

"చెబుతుందమ్మా."

"గట్టిగా సెప్పు బాబూ. ఆ ఎనక నిలబడినోళ్లకి ఇనబడనేదు."

గౌరినాయుడు చెప్పాడు. తనే నవ్వాననీ, తనే గోడ వెనక కూర్చోబెట్టాననీ కూడా చెప్పాడు. ఆవిడ లోపలికి వెళ్లింది. మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అతను తాగలేకపోయాడు.

బోర్డు

ఆ వర్షాకాలంలోనే మెట్ల దగ్గర ఒక బోర్డు పెట్టించాం. కార్తె కాదు, వాన కాదు, తడిగుడ్డ ఎంత చూపిస్తే అంత వంతు. ఒక గీత దాటితే సగం వంతు. ఇంకో గీత దాటితే పావు వంతు. అదే ఆఖరి గీత. దాన్ని కూడా బాగా దాటిపోతే ఏం రాయాలో మాకు తోచలేదు. అంతదాకా పోదనుకున్నాం.

ఇంకో రూలు బోర్డు మీద లేదు, మేమే పెట్టుకున్నాం. టాప్ మీద ఎవరైనా తప్పుగా మాట్లాడినా, నడక తడబడినా నవ్వకూడదు, దాచకూడదు. ముందు దించాలి. తాగాడా లేదా అన్నది కింద తేలుద్దాం. ఉద్యోగంలో చేరే పిల్లలూ, నా మాటల్లో ఇదొక్కటి గుర్తున్నా చాలు.

బోర్డు వచ్చినంత మాత్రాన అంతా బాగుపడిందని చెప్పను. "వానల్లో సగం వంతేమిటి, సోకు కాకపోతే" అని పై ఆఫీసులో అన్నవాళ్లున్నారు. కాంట్రాక్టు మనుషులకు బోర్డు వర్తించదని కొన్నాళ్లు వాదించారు. మండేది వాళ్ల ఒళ్లు కాదన్నట్టు. ప్రసాదరావు గారు అడ్డుపడ్డారు. బ్యాటరీని ఆర్పలేం కానీ, తోసే ఓవెన్లు తగ్గించి, బొగ్గును లోపల ఇంకాసేపు ఉంచచ్చని ఆయనే చూపించారు. కోక్ తగ్గుతుంది, అమ్మకం తగ్గుతుంది, మనుషులు మిగులుతారు. అలా చేసినందుకు ఆయన పైవాళ్ల చేత చాలా మాటలు పడ్డారు. మంచి ఆఫీసరంటే తెలివైనవాడని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. తను చూడలేదని ఒప్పుకుని, మర్నాటి నుంచి చూసేవాడని ఇప్పుడనుకుంటాను.

ఈ జూన్

నేను రిటైరయ్యాను. టాప్ మీద వంతులు వేసే నా పనిలో ఇప్పుడు గౌరినాయుడు ఉన్నాడు. అతనూ ఇంకెన్నాళ్లో ఉండడు.

ఈ ఏడాది తొలివాన పెందుర్తిలో బాగా పడింది. వీధిలో పిల్లలు గంతులేశారు. మా ఆవిడ శనగపిండి కలిపి బాండీ పెట్టింది. మర్నాటికి మబ్బు కమ్మేసింది, ఆకు కదలడం లేదు. ఇంట్లో కూర్చుంటేనే మెడ కింద చెమట నిలిచిపోయింది. ఆగలేక గౌరినాయుడికి ఫోన్ చేశాను.

"బజ్జీలు అడుగుతున్నారా?"

"అడక్క మానుతారేటి? మజ్జిగే పోయించినాను. నన్ను తిట్టుకుంటన్నారు. ముసిలోడు, పిరికోడు అంటన్నారు."

"అననీ. తడిగుడ్డ ఎంత చూపిస్తోంది?"

అంకె చెప్పాడు. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అదే చెప్పాడు.

"ఆఖరి గీత దాటీసి బాగా పైకెలిపోనాది బావా. ఉదయం నుంచీ పావు వంతే రాసినాను. ఇప్పుడేటి రాయమంటావు?"

"ఇంకా తగ్గించు."

"ఇంకా తగ్గిత్తే ఏటవుతాదో తెలుసా? మెట్లెక్కడానికీ దిగడానికే సరిపోద్ది. మూత మీద కొక్కెం ఎయ్యడానికి టైముండదు."

బ్యాటరీ ఆర్పడానికి లేదు. వంతు తగ్గించడానికి ఇంక చోటు లేదు. వీటి మధ్య నిలబడి ఉన్నది మనిషి.

"మేనేజరుతో చెప్పి తోయడం ఆపించు," అన్నాను.

"ఆపించీసినాను. ఈయన కుర్రోడే, మాటిన్నాడు. ఇయాల్టికి సరే. రేపు గాలి రాకపోతే? ఎల్లుండి? ఎన్నాళ్లని ఆపుతాడు? పుస్తకాల్లో ఏటైనా రాసుందా, సెప్పు."

"లేదు," అన్నాను. "ఉన్నంతవరకూ నేను చదివాను. అక్కడ కాల్చడం తగ్గించమని రాశారు. ఈ మధ్యాహ్నం సంగతి రాయలేదు."

అతను నవ్వలేదు. ఫోన్లో వెనక నుంచి చెక్కబూట్ల చప్పుడు వినిపించింది. చాలామంది నడుస్తున్నారు. నా చెవి అప్రయత్నంగా అందులో ఒక తడబడే నడక కోసం వెతికింది. టక్ టక్, టక్ టక్. సమంగానే ఉన్నట్టుంది. ఒకచోట ఆలస్యమైనట్టు కూడా అనిపించింది.

"ఎవరది నడిచేది?"

"మనోళ్లే. పైనుంచి దిగుతన్నారు."

"ఎంతమంది ఎక్కారో అంతమందీ దిగారా?"

"సూత్తన్నాను బావా. ఉండు."

"ఆఖరివాడు దిగేదాకా ఫోన్ పెట్టకు," అన్నాను.

వంటింట్లోంచి బజ్జీల వాసన వస్తోంది. నేను ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, ఒక్కొక్క అడుగే వింటూ కూర్చున్నాను.